లూజు కాంటాక్టుకు బహిరంగ లేఖ

తెగిపోయిన వైరు మీద నాకు కోపం లేదు. తెగిందంటే తెగింది. టెస్ట్ లాంపు పెడితే వెలగదు, ఎక్కడ తెగిందో దొరుకుతుంది, ముక్క మార్చేస్తే పని అయిపోతుంది. కాలిపోయిన ఫ్యూజు మీద అసలే లేదు. అది తన పని తాను చేసి పోయింది. నా ఫిర్యాదంతా నీ మీదే. చూడ్డానికి వైరు కొస లోహపు లగ్గులోనే ఉంటుంది, లగ్గు బోల్టు కిందే ఉంటుంది, బోల్టు బిగించే ఉంటుంది. కరెంటు మాత్రం ఓసారి పోతుంది, ఓసారి పోదు. షెడ్డులో అన్నీ వెలుగుతాయి. పొలంలోకో సముద్రంలోకో వెళ్లాక ఆరిపోతాయి. మెకానిక్ దగ్గరికి తెచ్చేసరికి మళ్లీ వెలుగుతాయి. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషి అబద్ధాలకోరులా నిలబడాల్సి వస్తుంది. అందరికంటే ముందు అందుకే నువ్వంటే నాకు మంట.

ఇంటి స్విచ్చు బోర్డులో నువ్వు చిటపటలాడితే ఆ సంగతి వేరు. నేలమీద ఉంటాం, మెయిన్ దించేస్తాం. ఈ ఉత్తరం ఫైబర్ ఒంట్లో దూరి నువ్వు చేస్తున్న పని గురించి. గాజు పోగులతోనో కార్బన్ పోగులతోనో రెజిన్ పోసి చేసినవి, గాల్లో ఎగిరేవి, నీళ్ల మీద తిరిగేవి. మా కృష్ణా డెల్టాలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. మాగాణి మీద మందు కొట్టే డ్రోన్లున్నాయి, గిలకలదిండి నుంచి నాగాయలంక దాకా వేటకు వెళ్లే ఫైబర్ బోట్లున్నాయి. వీటిలో పాడైతే పక్కకు ఆపుకుని దిగి చూసుకునే వీలుండదు.

విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పని నేర్చుకున్న ఎవరికైనా మొదట చేతికబ్బేది బాడీ ఎర్త్. బ్యాటరీ మైనస్‌ను ఛాసిస్‌కు బోల్టేసి బిగిస్తారు. అంతటితో లారీ మొత్తం మైనస్ అయిపోతుంది. వెనక లైటుకు ఒక్క వైరు లాగి, రెండో కొస పక్కనున్న ఇనుముకు కట్టేస్తారు. కరెంటు ఆ ఇనుములోంచే నడిచి బ్యాటరీకి తిరిగొస్తుంది. ఖర్చు తక్కువ, పని తొందరగా అవుతుంది, తప్పేమీ లేదు. కానీ ఏళ్ల తరబడి అలా చేశాక వైరు అంటే పాజిటివ్ వైరే అన్న లెక్క చేతికి స్థిరపడిపోతుంది. ఫ్యూజు ప్లస్‌కే, స్విచ్చు ప్లస్‌కే, ఎర్ర స్లీవు ప్లస్‌కే. మైనస్ అంటే ఎక్కడో ఒకచోట కట్టేసేది.

ఫైబర్‌లో ఆ ‘ఎక్కడో ఒకచోట’ ఉండదు. గాజు, రెజిన్ కరెంటును పోనివ్వవు. బోటు గోడకు స్క్రూ బిగించి దానికి మైనస్ కడితే అది మైనస్ కాదు, ఉత్త స్క్రూ. ప్రతి లైటుకూ, పంపుకూ, రేడియోకూ వెళ్లే వైరుతోపాటు తిరిగొచ్చే వైరును కూడా బ్యాటరీ దాకా లాగాల్సిందే. అంటే వైరు రెట్టింపు, జాయింట్లు రెట్టింపు. అలా అదనంగా వచ్చిన జాయింట్లలోనే నువ్వు కాపురం పెడతావు, వాటి వైపు ఎవరూ చూడరు గనక. నేను విప్పి చూసిన ఫైబర్ బాడీల్లో నువ్వు ఎక్కువగా దొరికింది నల్ల వైరు మీదే. ప్లస్ వైపు అంతా కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. మైనస్ వైపు నాలుగు కొసలు మెలేసి టేపు చుట్టి ఉంటుంది.

ఈ తంటా మాకంటే ముందు పడినవాళ్లు ఇంటి దగ్గరే విమానాలు కట్టుకున్నవాళ్లు. అమెరికాలో విమానాల రూపకర్త బర్ట్ రుటాన్ 1975లో వేరీ-ఈజ్ అనే చిన్న విమానాన్ని ఎగరేశాడు. ఫోమ్ దిమ్మను వేడి తీగతో రెక్క ఆకారానికి కోసి, మీద గ్లాస్ బట్ట పరిచి, ఎపాక్సీ పట్టించే పద్ధతి అది. 1979లో ఎగిరిన అతని లాంగ్-ఈజ్ ప్లాన్లు కొనుక్కుని ఎంతోమంది తమ కారు షెడ్లలోనే విమానాలు తయారుచేసుకున్నారు. మన బెంగళూరులో విమానాల పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వాళ్లు ఆ నమూనా ఆధారంగానే ఎల్‌సీఆర్‌ఏ అనే పరిశోధన విమానాన్ని చేసి 1987లో ఎగరేశారు. ఆ తర్వాత అక్కడే పుట్టిన హంస శిక్షణ విమానం ఒళ్లంతా ఫైబరే.

లాంగ్-ఈజ్‌లో ఇంజను తోక దగ్గర ఉంటుంది. బరువు సరితూగాలని బ్యాటరీని చాలామంది ముక్కులో పెడతారు. మధ్యలో మనుషులు కూర్చుంటారు. సెల్ఫ్ మోటారుకు కరెంటు ముక్కు నుంచి తోక దాకా వెళ్లాలి, మళ్లీ తోక నుంచి ముక్కుకు రావాలి. పోను నాలుగు మీటర్లు, రాను నాలుగు మీటర్లు వేసుకో. 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేస్తే ఒక్క రాగే రెండున్నర కిలోలు తూగుతుంది. అందులో సగం ఉత్త తిరుగు దారి కోసమే. అల్యూమినియం విమానంలో ఆ పని ఒళ్లే చేసిపెట్టేది. గ్రాము గ్రాము లెక్కపెట్టి కట్టేవాడికి ఆ సగం మీదే చెయ్యి పడుతుంది, కాస్త సన్నం చేద్దామనిపిస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 200 ఆంపియర్లు లాగిందంటే అంత మందపు కేబుల్‌లోనే 0.8 వోల్టు దాకా పోతుంది. దానికి తోడు ఒక జాయింటులో నువ్వు 10 మిల్లీ ఓములు పట్టుకుని కూర్చున్నావంటే ఇంకో 2 వోల్టులు హరించుకుపోతాయి. 12 వోల్టుల బ్యాటరీలో అది చిన్న సొమ్ము కాదు. ఇంజను అందుకోదు. బ్యాటరీ పోయిందని కొత్తది కొంటారు. అదీ అందుకోదు.

అందుకే వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంజనుకూ మనుషులకూ మధ్యనున్న గోడ దగ్గర ఒక ఇత్తడి పలక, దానికి వరసగా నాలుకలు. విమానంలోని మైనస్ వైర్లన్నీ అక్కడికే వచ్చి చేరతాయి, అక్కడినుంచి ఒక లావుపాటి కేబుల్ బ్యాటరీకి పోతుంది. పోయే వైరునూ వచ్చే వైరునూ జంటగా మెలేసి లాగుతారు, దిక్సూచి ముల్లు పక్కకు జరగకుండా. ఏ మైనస్ ఎక్కడికి వెళ్లిందో కాగితం మీద రాసి ఉంటుంది. ఆ పలకను తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. తిరుగు దారికి ఒక ఇల్లు కట్టి పెట్టారు.

పెద్ద విమానాలకూ ఇదే బాధ వచ్చింది. 2009లో ఎగిరిన బోయింగ్ 787, 2013లో ఎగిరిన ఎయిర్‌బస్ ఏ350 ఒళ్లు చాలామటుకు కార్బన్ ఫైబర్. కార్బన్ కరెంటును కొంత పోనిస్తుంది గానీ దాన్ని నమ్మి అంత భారం వెయ్యలేరు, రెజిన్ వేడెక్కుతుంది. అందుకని ఆ రెండింటి కడుపులోనూ కరెంటు తిరిగి రావడానికే లోహపు దారులు వేరేగా పరిచారు. 2024 నవంబరు 9న మా విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి నీళ్ల మీద లేచి వెళ్లిన ట్విన్ ఆటర్ పాతకాలపు లోహ విమానం, దానికి బాడీ ఎర్త్ ఉంది. అంతకు కొద్ది వారాల ముందు అదే ఘాట్ మీద ఆకాశంలో బొమ్మలు గీసిన 5,500 డ్రోన్లలో దేనికీ లేదు.

ఆ ఏడాదే సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, బోటు దూరలేని సందుల్లో మేడలెక్కి కూర్చున్నవాళ్లకు డ్రోన్ల మీద అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు పంపారు. చేతులు పైకి చాపి అందుకున్నారు జనం. అప్పటిదాకా డ్రోన్ అంటే పెళ్లిళ్లలో వీడియో తీసేదన్న మాట పోయింది. అది పైనుంచి పడకుండా వచ్చిందంటే లోపల ఎవరో ఒక అబ్బాయో అమ్మాయో జాయింటు సరిగ్గా వేశారు. వాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. వాళ్లకు నేను దణ్ణం పెడతాను.

నీ సంగతికి వస్తాను. మొవ్వ వైపు ఒక ఊళ్లో డ్వాక్రా సంఘం ఆవిడకు మందు కొట్టే డ్రోన్ వచ్చింది. కార్బన్ చేతులు, 10 లీటర్ల ట్యాంకు. శిక్షణకు వెళ్లి, పరీక్ష రాసి, సర్టిఫికెట్టు తెచ్చుకుంది. వరి కోతలై మినుములో తెల్లదోమ కనబడ్డ రోజుల్లో ఫోన్ చేసింది. “అన్నయ్యా, ఖాళీగా లేపితే బంగారంలా నిలబడుతోంది. ట్యాంకు నింపి లేపితే ఒక పక్కకు ఒరిగిపోతోంది. సర్వీసు వాళ్లు ఏదో బోర్డు మార్చి బిల్లేశారు, అయినా అంతే. నాకు తోలడం రాదంటున్నారు.”

ఆమెకు తోలడం వచ్చు. నువ్వే ఆమెకు రాదనిపించావు.

బల్ల మీద పెట్టి చేయి మడిచే కీలు దగ్గర విప్పాం. ప్రతి చేతిలోంచీ రెండు వైర్లు మోటారు కిందున్న బోర్డుకు వెళ్తాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఎర్రది నిక్షేపంగా ఉంది. నల్లదాని స్లీవు ఒకచోట టీ మరక పడ్డట్టు గోధుమ రంగుకు తిరిగింది. స్లీవు చీల్చాం. ప్లగ్గుకు సోల్డరు బాగానే పట్టింది, మెరుస్తూ ఉంది. సోల్డరు ఆగిపోయిన గీత దగ్గర చిక్కు. కరిగిన సోల్డరు వైరు పోగుల్లోకి పైకి పాకుతుంది, అక్కడిదాకా వైరు పుల్లలా బిగుసుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ మెత్తని వైరు. చేయి మడిచినప్పుడల్లా, మోటారు అదిరినప్పుడల్లా వంపంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. పోగులు అక్కడే ఒక్కొక్కటిగా తెగాయి. గోటితో కదిపితే తెగిన కొసలు నల్లగా, మొద్దుగా పైకి లేచాయి. మిగిలిన నాలుగు పోగుల మీద డ్రోన్ నడుస్తోంది. ఖాళీగా లేపితే ఆ నాలుగూ సరిపోతున్నాయి. పది కిలోల నీళ్లు ఎత్తమంటే చాలడం లేదు.

లెక్క చెబుతాను విను. ఒక చేతిలో 30 ఆంపియర్లు పారుతున్నప్పుడు జాయింటులో 50 మిల్లీ ఓములు అడ్డం పడితే అక్కడ పుట్టే వేడి 45 వాట్లు. మేం సోల్డరింగ్‌కు వాడే చిన్న ఐరన్ 25 వాట్లది. వేలెడంత స్లీవులో దానికి దాదాపు రెండింతల వేడి. వేడికి రాగి మీద తుప్పు పొర పెరుగుతుంది, పొర పెరిగితే అడ్డం పెరుగుతుంది, అడ్డం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి నువ్వు మొదలయ్యావంటే నీ అంతట నువ్వు తగ్గడం ఉండదు. నాలుగు మోటార్ల డ్రోన్‌లో ఒక చేయి చచ్చుబడితే అది గాల్లో నిలవదు. కింద మినుము చేనుంటే పోయేది డబ్బు. కింద మనిషుంటే?

ఆ జాయింటు కోసేసి కొత్తగా లగ్గు వేశాం. ర్యాచెట్ ఉన్న క్రింపింగ్ ప్లేయరుతో. అది పూర్తిగా నొక్కుకుంటే తప్ప వదలదు, చేతి బలం తగ్గినా మోసం ఉండదు. సరిగ్గా నొక్కితే పోగులూ లగ్గూ ఒకదానికొకటి గాలి దూరనంతగా అతుక్కుంటాయి. గాలి లేకపోతే తుప్పు లేదు, తుప్పు లేకపోతే నువ్వు లేవు. లగ్గు వెనక వైరును పట్టీతో చేతికి కట్టాం, అదురు జాయింటు దాకా రాకుండా. కార్బన్ గొట్టం మూతికి రబ్బరు వాషరు వేశాం. కోసిన కార్బన్ అంచు రంపంలా ఉంటుంది, ఇన్సులేషన్‌ను ఉప్పుకాగితంలా గీకుతుంది. పైగా కార్బన్‌లో కరెంటు పారుతుంది కూడా.

బోట్ల దగ్గర నీ పద్ధతి వేరు. అక్కడ నీకు ఉప్పుగాలి తోడు. వట్టి రాగి వైరు కొస కాస్త తడిస్తే చాలు, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఉప్పునీరు పోగుల మధ్య లోపలికి ఎక్కుతుంది. నాగాయలంకలో ఒక బోటు లైటు వైరు కొస పచ్చగా చిలుము పట్టి ఉంటే, బాగున్న రాగి వచ్చేదాకా కోద్దామని ఇన్సులేషన్ తీసుకుంటూ పోయాను. జానెడు తీశాను, నలుపే. మూరెడు తీశాను, నలుపే. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. తగరం పూత పూసిన రాగి వైరు వేస్తే ఇంత తొందరగా పాడవదు. ధర ఎక్కువే. అయినా ప్లస్‌కు ఆ వైరు కొని, మైనస్‌కు వట్టి రాగి సరిపోతుందిలే అనుకునేవాళ్లను చూశాను. ఉప్పుకు ప్లస్సూ మైనస్సూ తేడా తెలియదు.

నువ్వు చేసే పనుల్లో నేను క్షమించలేనిది వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు దగ్గర చేసేది. ఆ సెట్టు వినేటప్పుడు ఒక ఆంపియరు కూడా లాగదు. బటన్ నొక్కి మాట్లాడితే 25 వాట్ల సెట్టు 5 ఆంపియర్ల దాకా లాగుతుంది. కాబట్టి వినిపించినంతసేపు నువ్వు కిక్కురుమనవు. వాతావరణ హెచ్చరికలు వినిపిస్తాయి, పక్క బోటు వాళ్ల మాటలు వినిపిస్తాయి, సెట్టు బాగుందని నమ్మకం కుదురుతుంది. ఇంజను ఆగి, గాలి లేచి, సాయం కోసం బటన్ నొక్కిన క్షణంలో వోల్టేజీ పడిపోయి సెట్టు ఆరిపోతుంది. వేలు తీస్తే మళ్లీ వెలుగుతుంది, మళ్లీ వినిపిస్తుంది. అవతలివాళ్ల గొంతు వింటూ తన గొంతు వినిపించలేని మనిషిని ఊహించుకో. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఊళ్లకు ఊళ్లే పోయిన దివిసీమలోదే నాగాయలంక. సముద్రం మీదున్నవాడి మాట ఒడ్డుకు చేరడం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

నిన్ను పట్టుకునే ఉపాయం అందరికీ తెలియాలి, అందుకే నీ ముందే చెబుతున్నాను. చాలామంది బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి 12 చూసి తల ఊపుతారు. లేకపోతే లైటు విప్పేసి, వట్టి వైరు కొసల మీద మీటరు పెడతారు. అక్కడా 12 చూపిస్తుంది. కరెంటు పారనప్పుడు నువ్వు ఏమీ మింగవు, అందుకే మీటరుకు దొరకవు. లైటు వెలుగుతుండగా, పంపు తిరుగుతుండగా, సెట్టు బటన్ నొక్కి ఉండగా చూడాలి. మీటరు ఒక ముల్లు ఆ సామాను మైనస్ కొస మీద, ఇంకో ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద. రెండూ మైనస్‌లే కదా, సున్నాకు దగ్గరగా చూపించాలి. పావు వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో నువ్వున్నావు. ఒక ముల్లును జాయింటు జాయింటుకూ జరుపుకుంటూ వస్తే, ఏ రెండింటి మధ్య అంకె దూకిందో అక్కడ దొరుకుతావు. మూడు, నాలుగు వందల రూపాయల మీటరు చాలు. ప్లస్ వైపు కూడా ఇలాగే చూడాలి. అయితే ముందు నల్ల వైరు చూడండని నా మాట.

నిన్ను ఒక్కడినే తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. నీకు చోటిచ్చేవాళ్లున్నారు. ఒరిగిపోయిన డ్రోన్ తెస్తే జాయింటు విప్పి చూడకుండా బోర్డు మార్చి బిల్లు రాసేవాళ్లున్నారు. బోటు అమ్మేటప్పుడు వైరింగ్ ఎలా వేశారో ఒక్క కాగితం కూడా ఇవ్వనివాళ్లున్నారు. డ్రోన్ పెట్టెలో వచ్చే పుస్తకంలో తెలుగు ముక్క ఉండదు. మందు కొట్టే డ్రోన్లను 15,000 మహిళా సంఘాలకు ఇవ్వాలని 2023 చివర్లో కేంద్రం నిర్ణయించింది. మంచి పని. లాం ఫారంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల తోలడం నేర్పుతున్నారు. తోలడంతోపాటు ఒక పూట మీటరు పట్టడం, లగ్గు నొక్కడం, నొక్కాక గట్టిగా లాగి చూడడం కూడా ప్రతి ఆడబిడ్డకూ చేతికివ్వాలని నా కోరిక. మొవ్వ ఆవిడకు నేర్పాను. ఇప్పుడు ఆమె సర్వీసు వాళ్లకు ఫోన్ చేసేటప్పుడు అంకె చెప్పి మాట్లాడుతోంది. ఇటు అంకె ఉంటే అటు మాట మారుతుంది.

బోట్ల వాళ్లకు ఒక మంచి గడువుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డుకెక్కుతాయి. ఇంజను విప్పుతారు, ఫైబర్ పగుళ్లు పూడుస్తారు, రంగులేస్తారు, వలలు బాగుచేసుకుంటారు. ఈసారి నిషేధంలో గిలకలదిండికి వస్తున్నాను. ఆటోనగర్ కుర్రాళ్లు ఇద్దరు నాతో వస్తామన్నారు. రమ్మన్న ప్రతి బోటులో ముందు సెట్టు వైర్లు, తర్వాత రాత్రి లైట్ల వైర్లు, ఆ తర్వాత నీళ్లు తోడే పంపు వైర్లు చూస్తాం. మైనస్‌లన్నీ ఒక ఇత్తడి పలక దగ్గరికి చేరుస్తాం, ఏది దేనిదో తెలుగులో రాసి బ్యాటరీ పెట్టె మూతకు అంటిస్తాం. బటన్ నొక్కి పట్టుకుని, నల్ల వైరు మీద మీటరు పెట్టి, పావు వోల్టు దాటిన చోటల్లా ఆ జాయింటు కోసేసి కొత్త లగ్గు వేస్తాం.

ఇట్లు,
ఆటోనగర్ వైరింగ్ పనివాడు,
విజయవాడ